నలభై మంది ఉంటున్న ఇల్లు

మా గుండీల ఫ్యాక్టరీని నది అవతలికి, అంటే పక్క రాష్ట్రానికి, మార్చేస్తున్నామని చిన్నయ్య చెప్పిన రోజు నేను నవ్వాను. ముప్పై ఏళ్ళుగా ఏరే బల్ల ముందు కూర్చున్నదాన్ని. నాలుగు చిల్లుల గుండీలు ఒకవైపు, రెండు చిల్లులవి ఇంకోవైపు, అంచు విరిగినవి డబ్బాలోకి. ఈ ముప్పై ఏళ్ళలో మా ఫ్యాక్టరీలో ఊడిపోయిన కిటికీ రెక్క మార్చమంటే మార్చిన పాపాన పోలేదు. అలాంటిది ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీయే ఎలా కదులుతుందో నాకు అర్థం కాలేదు.

చిన్నయ్య అంటే మా యజమాని. వాళ్ళ నాన్న పోయాక ఫ్యాక్టరీ అతని చేతికి వచ్చింది. నేను పనిలో చేరిన కొత్తలో అతను బల్లల కింద పాకుతూ గుండీలు నోట్లో వేసుకునేవాడు, నేను వేలు పెట్టి తీసేదాన్ని. ఆ చనువుకొద్దీ అందరి ముందూ అడిగేశాను.

"ఇక్కడ మనకేం తక్కువైంది చిన్నయ్యా?"

"తక్కువ కాలేదక్కా, అన్నీ ఎక్కువయ్యాయి. పన్ను ఎక్కువ, కరెంటు ఎక్కువ, అద్దె ఎక్కువ. అక్కడ పదేళ్ళు పన్నే లేదు. కరెంటు సగం ధరకిస్తారు. షెడ్డు వాళ్ళే కట్టిస్తారు. దారాల కంపెనీ వెళ్ళిపోయింది, అట్టపెట్టెలవాళ్ళు వెళ్ళిపోయారు. మనం ఒక్కళ్ళమే ఇక్కడ కూర్చుంటే ఆరు నెలల్లో మూసేసుకోవాలి."

మూసేసుకోవాలి అన్నాక ఇంకెవరు మాట్లాడతారు. అప్పుడు గుమాస్తా గొంతు సవరించుకుని, ఒక చిన్న షరతు ఉందన్నాడు. అక్కడి ప్రభుత్వం ఇవన్నీ ఇచ్చేది అక్కడివాళ్ళకి పని దొరుకుతుందని. కాబట్టి పనివాళ్ళలో నలభై మందికి తగ్గకుండా ఆ రాష్ట్రంలోనే నివాసం ఉండాలి. మేం సరిగ్గా నలభై మందిమి.

"అంటే మమ్మల్ని తీసేసి వాళ్ళని పెట్టుకుంటారా?" అంది మూగమ్మ. క్షణం నోరు మూయదు కాబట్టి ఆవిడకి మేం పెట్టుకున్న పేరది.

"కాదమ్మా. మీరే అక్కడివాళ్ళవుతారు. షెడ్డు వెనక ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మీ అందరి చిరునామా అదే. పొద్దున బస్సులో వెళ్ళడం, సాయంత్రం బస్సులో వచ్చేయడం. మిగతాదంతా కాగితం మీదే."

కాగితం మీదే కదా అని నేను ముందు సంతకం పెట్టాను. ఏరే బల్లకి పెద్దదాన్ని నేను. నేను పెడితే మిగతావాళ్ళు పెడతారని గుమాస్తాకి తెలుసు. భయపడి దిక్కులు చూస్తున్నవాళ్ళ చేత కూడా నేనే పెట్టించాను. "పని పోతే ఏం తింటారే, పెట్టండి" అని కసురుకున్నాను. ఆ నోరు ఆ రోజు పడిపోయినా బాగుండేది.

నెల తిరిగేసరికి మిషన్లు వంతెన దాటాయి. రోజూ పొద్దున ఏడున్నరకి బస్సెక్కేవాళ్ళం. నాలుగో రోజో అయిదో రోజో, వంతెన మధ్యలో అచ్చం మా బస్సు లాంటిదే ఒకటి ఎదురొచ్చింది. నిండా ఆడవాళ్ళు, మాలాగే ఒళ్ళో డబ్బాలు పెట్టుకుని. ఎవరా అని ఆరా తీస్తే తేలింది: ఆవైపు సబ్బుల కంపెనీ ఒకటి మా పాత షెడ్డులోకి వచ్చిందట. మా రాష్ట్రం కూడా బయటినుంచి వచ్చేవాళ్ళకి పన్ను మాఫీ చేస్తోందట.

"అయితే మనం ఇటునుంచి అటు వెళ్ళి, మళ్ళీ అటునుంచి ఇటు వస్తే ఇక్కడే మాఫీ వచ్చేది కదా?" అని మూగమ్మ గుమాస్తాని అడిగింది. అది కుదరదమ్మా అన్నాడు గానీ, ఎందుకు కుదరదో అతనికీ తెలిసినట్టు లేదు. ఆ తర్వాత రోజూ వంతెన మీద వాళ్ళు మాకు చెయ్యి ఊపేవాళ్ళు, మేం వాళ్ళకి ఊపేవాళ్ళం.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మా ఆయన సంగతి వచ్చాక నాకు నవ్వు పోయింది.

మా ఆయన ఒకప్పుడు దర్జీ. నేను ఏరిన గుండీలే ఆయన చొక్కాలకి కుట్టేవాడు, కుట్టి "ఇందులో ఒకటి వంకర, నీ కళ్ళకి అద్దాలు కావాలి" అని ఏడిపించేవాడు. మూడేళ్ళ కిందట రెండు మూత్రపిండాలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్‌కి తగిలించుకుని పడుకోవాలి. ఒక్కసారి తప్పిందంటే కాళ్ళు వాచిపోతాయి, రెండోసారి తప్పితే ఊపిరి ఆడదు. అది మా రాష్ట్రం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద ఉచితంగా జరుగుతోంది. కార్డు కుటుంబానికి ఒకటే, అది నా పేరు మీద ఉంది. మా ఇంట్లో సంపాదించేది నేనే కాబట్టి అలా రాయించాం.

ఆ మంగళవారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళుగా చూస్తున్న అమ్మాయే. కార్డు రెండుసార్లు గీకింది.

"పనిచేయడం లేదమ్మా."

"మొన్న శనివారం చేసిందిగా."

"ఇప్పుడు చేయడం లేదు. మీరు ఈ రాష్ట్రంలో లేరని చూపిస్తోంది."

"నీ ఎదురుగా నిలబడ్డాను కదే తల్లీ."

"నిలబడ్డారు. మీ నివాసం మాత్రం అక్కడుంది. భార్య అక్కడుంటే భర్త కూడా అక్కడున్నట్టే లెక్క. మీరు అక్కడి కార్డు తీసుకుని అక్కడి ఆసుపత్రిలో చేయించుకోవాలి." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "డాక్టరుగారి సంతకంతో ఈ నెలాఖరుదాకా నడిపిస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

అప్పటికి నెలాఖరుకి పద్దెనిమిది రోజులుంది. అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. నివాసం ఖాయమయ్యాక ఆరు నెలలకి కార్డు వస్తుందని, ఆ తర్వాత మిషన్ కోసం వరసలో ఉండాలని చెప్పారు. అంతదాకా మా ఆయన ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలా అని అడిగితే, ఆ ప్రశ్న వేరే విభాగానికి వేయాలన్నారు.

చిన్నయ్య గదిలోకి నేరుగా వెళ్ళాను. నా పేరు వెనక్కి తీసుకోమన్నాను.

"తీసుకుంటే ముప్పై తొమ్మిది అవుతాం అక్కా. షెడ్డు లాక్కుంటారు, పన్ను కట్టమంటారు."

"ఇంకెవరినైనా పెట్టుకో."

"జాబితాలో ఇచ్చిన నలభై పేర్లే ఏడాదిపాటు ఉండాలట. సోమవారం తనిఖీకి వస్తున్నారు. అదయ్యాక ఏదో ఒకటి చేద్దాం. నామీద ఒట్టు." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళ నాన్న అయితే ఇంత గజిబిజిలో తలదూర్చేవాడు కాదు. కానీ వాళ్ళ నాన్నకి దారాల కంపెనీతో పోటీ లేదు కదా. తిడదామని వెళ్ళినదాన్ని మంచినీళ్ళు తాగి బయటికొచ్చాను.

శనివారం మధ్యాహ్నం పని ఆపేసి, నలభై మందిమీ ఆ అద్దె ఇంటికి నడిచాం. నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒకే ఒక్క స్నానాల గది. తనిఖీకి వచ్చే ఆఫీసరమ్మకి మనుషులు ఉంటున్నట్టు కనిపించాలని గుమాస్తా చెప్పడంతో తలా ఒక దుప్పటి, తువ్వాలు, పళ్ళెం, బ్రష్షు, చెప్పుల జత తెచ్చుకున్నాం. అవన్నీ గది మధ్యలో గుట్ట పోశాం.

అక్కడే పప్పులో కాలేశాం. గుట్టగా పోసినదేదైనా కనిపిస్తే మా చేతులు ఊరుకోవు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాం, ఏరడం మొదలుపెట్టాం. గంటలో అంతా అయిపోయింది. తువ్వాళ్ళు తెలుపు నుంచి నీలం దాకా, నీలం నుంచి నలుపు దాకా మడత మీద మడత. చెప్పులు గోడ పొడుగునా చిన్న సైజు నుంచి పెద్ద సైజుకి. పళ్ళేలు అంచు వెడల్పుని బట్టి. బ్రష్షులు పది గ్లాసుల్లో గ్లాసుకి నాలుగు, ఒకే రంగువి ఒకచోట. మూగమ్మ తెచ్చిన పళ్ళెం అంచు కాస్త విరిగి ఉంటే నేనే తీసి పక్కన పడేశాను. గుమ్మంలో నిలబడి చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

సోమవారం పదింటికి ఆఫీసరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, చంకలో ఫైలు. నాలుగు గదులూ తిరిగింది. బ్రష్షుల దగ్గర ఆగింది. చెప్పుల వరస ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ చూసింది. ఒక తువ్వాలు తీసి చెంపకి ఆనించుకుంది.

"మా ఇంట్లో మేం నలుగురం. నాలుగు బ్రష్షుల్లో ఎవరిది ఏదని రోజూ పొద్దున్నే గొడవ. మీరు నలభై మంది ఇంత సర్దుకుని ఎలా ఉంటున్నారండీ?"

నేను నాలుక కరుచుకున్నాను. ఇల్లు సర్దింది నేను దగ్గరుండి. మనుషులున్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. మా ఇంట్లో నా దువ్వెన ఎప్పుడూ మా ఆయన మందుల డబ్బాలోనే దొరుకుతుంది.

"మీరు చెప్పండమ్మా," అని ఆవిడ నా వైపు తిరిగింది. అందరిలో పెద్దదాన్నని కాబోలు. "మీరు ఇక్కడే ఉంటున్నారా?"

అవునంటే నలభై మందికీ పని ఉంటుంది, మా ఆయనకి మిషన్ ఉండదు. కాదంటే మా ఆయన బతుకుతాడు, వీళ్ళంతా వీధిన పడతారు. ఒక్కొక్కరి చేత నేనే సంతకం పెట్టించాను. చిన్నయ్య గోడకి ఆనుకుని నా వంకే చూస్తున్నాడు. నాకు మంచీ చెడూ ఏమీ తోచలేదు. తెల్లవారుజామున ఆయన మూలుగు మాత్రం గుర్తొచ్చింది.

"లేదమ్మా," అన్నాను. "నేనిక్కడ ఉండటం లేదు. నది అవతల ఉంటున్నాను. మా ఆయన అక్కడున్నాడు."

మూగమ్మ నోట మాట లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆఫీసరమ్మ ఫైలు తెరిచి నా ముందు పెట్టింది. అందులో నలభై అని ముందే అచ్చు వేసి ఉంది. కింద సంతకం కూడా అయిపోయి ఉంది, తేదీతో సహా.

"ఈ ఏడాది మా రాష్ట్రానికి ఎంతమంది కొత్తగా వచ్చారో మా పైవాళ్ళు చెప్పేసుకున్నారు. అందులో మీరూ ఉన్నారు. మీరు రాలేదని రాస్తే, ఎందుకు రాలేదని నన్నడుగుతారు. నేనేం చెప్పను?" అంది. కోపంగా కాదు, నిజంగానే నన్ను సలహా అడుగుతున్నట్టు. "మీకేదో కష్టం ఉన్నట్టుంది. కానీ మీరు ఇక్కడే ఉంటున్నారమ్మా."

వెళ్తూ వెళ్తూ, ఈసారి తువ్వాళ్ళు కాస్త తడిపి పెట్టమని గుమాస్తాకి చెప్పింది.

సాయంత్రం బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. "మా అందరి నోట్లో మట్టి కొట్టేదానివి కదక్కా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అన్నది నిజమే. అక్కడే ఉంటున్నానని అబద్ధమాడి ఉంటే ఈ మాట పడకపోయేదాన్ని. నిజం చెప్పి కూడా మా ఆయనకి ఒరిగిందేమీ లేదు. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు. వంతెన దాటాక మూగమ్మ ఒక్కతే వచ్చి నా పక్కన కూర్చుంది.

నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుందనగా కౌంటర్ అమ్మాయే దారి చెప్పింది. అటూ ఇటూ చూసి, అద్దం కింది నుంచి ఒక కాగితం తోసింది.

"భార్యాభర్తలు విడిపోయి ఉంటున్నారనుకోండి, అప్పుడు ఎవరి నివాసం వాళ్ళదే. మీ ఆయన ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆయన పేరు మీద కొత్త కార్డు మూడు రోజుల్లో వస్తుంది. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంటికొచ్చి చూస్తారు. వాళ్ళొచ్చినప్పుడు మీరు కనిపించకూడదు, అంతే."

"ఇదీ కాగితం మీదేనా?" అన్నాను.

"కాగితం మీదే," అంది పాపం.

ఆసుపత్రి బల్ల మీదే కూర్చుని నింపాం. పెళ్ళయి ఎన్నేళ్ళు: ఇరవై ఎనిమిది. ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు: నా చిరునామా మారిన తేదీ వేశాం. కారణం అన్నచోట ఇద్దరం ఆగిపోయాం. "గురక అని రాయనా?" అన్నాడు మా ఆయన. పక్కన కూర్చున్న రోగి కూడా నవ్వాడు. చివరికి ఉద్యోగం అని రాశాం. ఎవరైనా అడిగితే అదే చెప్పమని ఆయనకి మూడుసార్లు చెప్పాను. విడిపోయామని ఆయన పెట్టిన సంతకం చూసి నాకు ఎవరి మీదో ఒళ్ళు మండింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. చిన్నయ్య మీదా, ఆ ఆఫీసరమ్మ మీదా, సబ్బుల కంపెనీ మీదా? అందరికంటే ముందు సంతకం పెట్టిన నామీదా?

కార్డు తాలూకు తనిఖీ మనిషి బుధవారం వచ్చాడు. ఆ రోజు మాకు సెలవు. ఆవైపు వారానికి సెలవు బుధవారం, ఈవైపు ఆదివారం. ఈవైపు వాళ్ళకి అది పనిరోజని నేను మరిచిపోయి ఇంట్లో బట్టలు ఆరేస్తున్నాను. మాది మూడో అంతస్తు. మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ పైకొస్తున్న చప్పుడు విని మా ఆయన చేత్తో సైగ చేశాడు. నా చెప్పులు చేతికి తీసుకుని వంటింటి తలుపు వెనకాల నక్కాను. నా ఇంట్లో నేనే దొంగలా.

తలుపు సందులోంచి సగం గది కనిపిస్తోంది. వచ్చినాయన పెద్దమనిషి, రేపో మాపో పింఛను తీసుకునే వయసు. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. మా ఆయన కూజాలోంచి వంచి ఇచ్చాడు.

"ఆవిడ వెళ్ళి ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలు కావస్తోందండి."

"వస్తూ ఉంటారా?"

"రాదండి."

"ఎందుకు వెళ్ళారు?"

ఉద్యోగం అను, ఉద్యోగం అను అని లోపల నేను జపం చేస్తున్నాను.

మా ఆయన కూజా మీద మూత పెట్టాడు. తర్వాత అన్నాడు:

"నాకు జబ్బు చేసి మూడేళ్ళయిందండి. వారంలో మూడు రోజులు నన్ను మోసుకుని ఆసుపత్రికి తిరుగుతుంది. మిగతా రోజులు పని. సెలవనేది లేదు, ఒక పెళ్ళికి పోయింది లేదు. రాత్రి నేను దగ్గితే లేచి కూర్చుంటుంది. మనిషన్నాక ఎన్నాళ్ళని చేస్తుంది చెప్పండి. నేనైతే మొదటి ఏడాదే వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ తప్పేమీ లేదు. అలాగే రాసుకోండి."

పెద్దమనిషి రాయడం ఆపాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మా ఇంట్లోవాళ్ళు కూడా..." అని ఏదో అనబోయి మానేశాడు. కాగితం మీద ముద్ర కొట్టి, కార్డు శుక్రవారానికి వచ్చేస్తుందని చెప్పి లేచాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

నేను వంటింట్లోంచి బయటికొచ్చాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కాబట్టి అరిచాను.

"ఎవరు నేర్పారయ్యా నీకు అంత నటన? ఒక్క ముక్క, ఉద్యోగం అనమంటే..."

ఆయన నవ్వలేదు. ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"శుక్రవారం కార్డు వస్తుందట," అన్నాడు. "నా పేరు మీద. ఇంక మిషన్ కోసం నీ పేరు అక్కర్లేదు. అక్కడ నీకు పని ఉంది, ఇల్లు ఉంది. నిజంగా వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. నేనేమీ అనుకోను."

మూడేళ్ళుగా ఈ మాట లోపల పెట్టుకుని ఈ మనిషి నా పక్కన పడుకుంటున్నాడు. నేనేమో మందులు వేళకి వేసుకున్నాడా లేదా అని చూస్తూ, ఇది చూసుకోలేదు. రెండు రాష్ట్రాల కాగితాల్లోనూ నేను ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోయినదాన్ని. ఆసుపత్రిలో అదే ఉంది, ఫ్యాక్టరీలో అదే ఉంది. ఇప్పుడు ఈయన మనసులో కూడా అదే ఉంది. వంగి ఆయన రెండు భుజాలూ పట్టుకుని కుదిపాను.

"నేను ఇక్కడే ఉంటున్నాను," అన్నాను. నా గొంతు మామూలుగానే పెద్దది, అది గోడలు దాటి వినిపించి ఉంటుంది. "వినపడిందా? నేను ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంటున్నాను."

ఆయన మొహం విచ్చుకుంది. వెంటనే నల్లబడింది. నాకూ అప్పుడే తట్టింది. పెద్దమనిషి ఆయాసం మనిషి, మూడు అంతస్తులు అంత తొందరగా దిగి ఉండడు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తలుపు వైపు చూస్తూ ఉండిపోయాం.